తోంగరెవా నుంచి నాలుగు గంటలు

తోంగరెవా దీవిలో విమానం ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి మూటనూ కాటా మీద తూచేది తెపాయెరు. కొత్తగా వచ్చిన టీచర్లు రాజధాని దీవి రారోతొంగా ఎంత దూరమని అడిగితే, "పదమూడు వందల కిలోమీటర్ల పైమాటే. చిన్న విమానం కదా, నాలుగు గంటలు. ఎదురుగాలి కొడితే ఇంకో రెండు కీర్తనలు పాడుకోండి," అనేది.

జనవరిలో ఆమె రొమ్ములో గడ్డ తగిలింది. నర్సు తడిమి చూసి, రారోతొంగా పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందేనంది. ఫిబ్రవరిలో నలుగురే పేర్లిచ్చారు, నలుగురి కోసం అంత దూరం విమానం రాదు. మార్చిలో జనం కుదిరారు గానీ, తిరుగు ప్రయాణానికి పోయాల్సిన ఇంధనం పీపాలు ఓడలో రాలేదు. ఆ తర్వాత వానలు. జాబితాలో తన పేరు రాసుకునేదీ తనే, కొట్టేసేదీ తనే.

"ఓడెక్కి పోదాం పద," అని పోరు పెట్టాడు భర్త తైరీ.

"వారం రోజులు వాంతులు చేసుకుంటూనా? గడ్డ కంటే ముందు ఓడే చంపుతుంది నన్ను."

జూన్ నెలాఖరుకు విమానం వచ్చింది. బరువు ఎక్కువైందని పైలట్ ఒకరిని దిగమన్నాడు. తైరీ దిగాడు.

రారోతొంగాలో పరీక్షలన్నీ చేశాక డాక్టర్ తల వంచుకుని, "లివర్‌కి కూడా పాకింది పిన్నీ. ఆర్నెల్ల కిందట వచ్చుంటే..." అన్నాడు.

"నేను రానన్నానా నాయనా? మోసుకొచ్చేదే రాలేదు."

ఇక ఆమె ఇంటికి పంపమని తప్ప ఏమీ అడగలేదు. తోంగరెవా వాళ్లు దిగే సత్రం వరండాలో కూర్చుని లేత కొబ్బరాకుతో టోపీ అల్లబోయేది. వేళ్లు సాగేవి కావు. ఆగస్టులో విమానం ఖాయమైంది. ప్రయాణం చేయొచ్చన్న కాగితం మీద డాక్టర్ సంతకం పెట్టనన్నాడు.

"నాలుగు గంటలు కూర్చోలేవు. దారిలో ఏమైనా అయితే కింద అంతా సముద్రమే."

"అయితే అవనీ. మా సముద్రమేగా."

అతను పెట్టలేదు. ఆమె లేకుండా వెళ్లిన విమానం తిరుగు దారిలో తైరీని తీసుకొచ్చింది. మొలకొచ్చిన కొబ్బరికాయలు సంచి నిండా తెచ్చాడు.

"నువ్వెందుకొచ్చావు? నేనే వద్దామనుకుంటుంటే," అంది.

అతను సంచి కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు.

"పందుల్ని ఎవరు చూస్తున్నారు?"

"మీ చెల్లెలు."

"దాని మొహం! అదేం చూస్తుంది."

కాయ కొట్టి లోపలి కొబ్బరి పువ్వు చిన్న ముక్క ఆమె నోట్లో పెట్టాడు. చాలాసేపు నాలుక మీదే ఉంచుకుని, మింగలేక అతని అరచేతిలోకి ఉమ్మేసింది. అతను చెయ్యి తుడుచుకోలేదు.

తైరీ వచ్చిన తొమ్మిదో రోజున ఆమె పోయింది. తోంగరెవా వెళ్లే విమానం ఏదీ లేదు, శవాన్ని అన్ని రోజులు ఉంచడం కుదరదన్నారు. కొండ కింద, ఆమెకు తెలిసినవాళ్లెవరూ లేని శ్మశానంలో పాతిపెట్టారు.

అక్టోబరులో విమానం కుదిరింది. తైరీ పేరు రెండుసార్లు పిలిచారు. అతను పొద్దున్నే కొండ వైపు నడుచుకుంటూ పోయాడని సత్రంలో ఎవరో చెప్పారు. ఆ సీటు వేరొకరికి ఇచ్చేశారు.