నైఫ్ సందుల్లో తప్పిపోయిన జపాన్ అమ్మాయి

మొన్న మా అమ్మాయి హాస్టల్‌కు పెట్టె సర్దుకుంటూ, గదిలో ఉండే పిల్ల తనతో మాట్లాడకపోతే ఎలాగని అడిగింది. ఏదో సర్దిచెప్పానే గానీ, ఆ ప్రశ్న నన్ను ఇరవై ఏళ్లు వెనక్కి, దుబాయ్ పక్కనున్న షార్జాలోని ఓ ఆడపిల్లల హాస్టల్ గదికి లాక్కుపోయింది.

మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనవాళ్లకు దుబాయ్ అంటే పనికి పోయే చోటే గానీ చదువుకు పోయే చోటు కాదు. మా కాలేజీ వాళ్లు ఒక్క సెమిస్టర్ కోసం అక్కడి విశ్వవిద్యాలయానికి పంపుతామంటే, నెల్లూరులో పెదనాన్నలంతా వద్దని పట్టుబట్టినా మా నాన్న మొండికేసి నన్ను విమానమెక్కించాడు. నావల్ల ఏ చిన్న మాట వచ్చినా తల దించుకోవలసింది ఆయనేనన్న బెదురు ఎప్పుడూ గుండెల్లో ఉండేది.

నా గదిలో ఉండే అమ్మాయి అరబ్బీ నేర్చుకోవడానికి జపాన్ నుంచి వచ్చింది. చిన్నప్పుడు అర్థం తెలియకుండా ఖురాన్ చదవడం నేర్చిన నాకు ఒక్క ముక్క మాట్లాడటం రాదు. ఆమె మాత్రం సూడాన్ నుంచి వచ్చిన వార్డెనమ్మతో అరబ్బీలో చక్కగా మాట్లాడేది. నాతోనే మౌనం. నేను గదిలోకి వస్తే లేచి తల వంచి, మళ్లీ పుస్తకంలో మునిగిపోయేది. ఊరగాయ సీసా మూత తీస్తే చప్పుడు కాకుండా కిటికీ తెరిచేది. సాయంత్రాలు ఉమ్మడి వంటింట్లో సిరియా అమ్మాయిలూ మలయాళీ అమ్మాయిలూ పగలబడి నవ్వుతుంటే, అది నా గురించేనేమోనని పళ్లెం కడుక్కుని గదిలోకి పారిపోయేదాన్ని.

ఒక శుక్రవారం హాస్టల్ బస్సులో అందరం దుబాయ్‌లోని డేరా పేటకు వెళ్లాం. మగ్రిబ్ వేళకు, అంటే పొద్దుగుంకేసరికి, బస్సెక్కకపోతే ఇంటికి ఫోన్ చేస్తానని వార్డెనమ్మ ముందే చెప్పింది. ఏమనుకుందో, ఆ జపాన్ అమ్మాయి నా వెంట అక్కడి నైఫ్ అనే బజారుకు వచ్చింది. ఒక కొట్లో చెప్పులు కొనుక్కుని, ఆమె వెనకే వస్తోందనుకుని రెండు సందులు దాటి తిరిగి చూస్తే, లేదు. ఇద్దరి దగ్గరా ఫోన్ లేదు. జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాను. ప్రతి సందూ ఒకేలా ఉంది, ఆ చెప్పుల కొట్టు కూడా మళ్లీ కనబడలేదు. ఎండ వాలుతోంది. పరాయి దేశపు పిల్లకు ఏమైనా అయితే ఆమె తల్లికి ఎవరు జవాబు చెప్తారు? మా నాన్న ముఖం కళ్లముందు మెదిలింది.

"యా అల్లా, యాడికి పోయిందీ పిల్ల!" అని పైకే అనేశాను కాబోలు, ఒక బట్టల కొట్టాయన బయటికి వచ్చాడు. మాట చూస్తే కడప మనిషి.

"తెలుగోళ్లామ్మా? ఎందుకట్లా ఏడస్తాండావు?"

చెప్పాను.

"ఖలాస్, ఇంక ఏడ్సొద్దు. యాడ ఇడ్సిపెట్టినావో ఆడికే పోదాం పా. ఎదురుగా ఏముందో గుర్తుందా?"

పళ్లరసాల కొట్టు అన్నాను. ఆయన తన కొట్టు పక్కవాడికి అప్పగించి నన్ను వెంటబెట్టుకు వెళ్లాడు.

ఆమె అక్కడే ఉంది. నేను వదిలేసిన చోటే, గోడకు ఆనుకుని, సంచీని రెండు చేతులా గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయాయి.

"ఇక్కడే ఉండిపోయావా?" అన్నాను, వచ్చీరాని ఇంగ్లీషులో.

"తప్పిపోతే కదలొద్దని మా అమ్మ చెప్పింది," అంది తనూ అలాంటి ఇంగ్లీషులోనే. "నేనంటే నీకు ఇష్టం లేదు కదా, కావాలనే వదిలి వెళ్లావనుకున్నాను," అని కూడా అంది.

నేను ఆమె గురించి అనుకుంటున్నదే ఆమె నా గురించి అనుకుంటోందన్నమాట! నడిబజారులో ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

బస్సు వెళ్లిపోయి ఉంటుందనుకుంటూనే పరుగెత్తాం. వెళ్లలేదు. వంటింట్లో నవ్వే సిరియా అమ్మాయి మెట్టు మీద అడ్డంగా నిలబడి, మేం రానిదే తలుపు వేయనివ్వనని డ్రైవరుతో పోట్లాడుతోంది. మమ్మల్ని చూసి బస్సంతా "యల్లా! యల్లా!" అని, త్వరగా రమ్మంటూ ఒకటే కేకలు. వార్డెనమ్మ బాగా తిట్టింది గానీ ఇంటికి ఫోన్ చేయలేదు.

ఆ తర్వాత కూడా మా గదిలో మాటలు తక్కువే, కిటికీ తెరవడమూ మానలేదు. కాకపోతే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఊళ్లకు చేరాక కొన్నాళ్లు పండుగ కార్డులు రాసుకున్నాం, తర్వాత అవీ ఆగిపోయాయి.

ఇప్పుడు వెనకబడిన మనిషికి ఒక ఫోన్ కొట్టి, నడక ఆపకుండానే ముందుకు పోతున్నాం. అది మంచిదే, ఆనాటి భయం ఎవరికీ వద్దు. కానీ, వదిలేసి పోయారేమో అనుకుంటూ కూడా, వస్తారని నమ్మి ఒకరి కోసం అంతసేపు నిలబడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.