గుడ్డ మంటలో వేసిన దిష్టి

ఒట్టు... నా పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి.

నేను పనిచేసేది అల్ ఖోబర్‌లో ఒక సౌదీల ఇంట్లో. యజమానురాలిని మామా, అంటే అమ్మా అని, ఆవిడ అత్తగారిని మామా కబీర, అంటే పెద్దమ్మా అని పిలుస్తాను. మామా కూతురు, నాలుగేళ్ల రీమ్‌ని పెంచేది మాత్రం నేనే. ఆ మధ్య మామాకు దయ్యాల పండగ చేయాలని బుద్ధి పుట్టింది. అదేదో హాలోవీనట. మర్నాడు చుట్టాల పిల్లలు వస్తారు, హాల్లో మంట కావాలి... కానీ నిప్పు ఉండకూడదు!

"నిప్పు లేకుండా మంట ఏందక్కా?" అన్నాడు డ్రైవరు బాషా. కడప కుర్రాడు.

"నాకేం తెల్సు బాషా? ఆవిడ ఫోన్లో సూపించినట్టు సేసేద్దారి" అన్నాను.

పాత టేబుల్ ఫ్యానుని వెల్లకిలా పడుకోబెట్టాం. ఎరుపు, పసుపు పల్చటి గుడ్డల్ని నాలుకల్లా కత్తిరించి చుట్టూ కట్టాం. పక్కన ఎర్ర బల్బు, ఎండుకట్టెలు. స్విచ్ వేయగానే... భగ్గుమంది! చిన్నప్పటి నుంచీ పొయ్యి ఊదినదాన్ని, నేనే వెనక్కి తగ్గాను. మామా కబీర కర్ర టకటకలాడిస్తూ వచ్చి, చూసి, "అస్తగ్‌ఫిరుల్లా", దేవుడా క్షమించు, అనుకుంటూ వెళ్లిపోయింది.

రాత్రి రీమ్‌కి మంత్రగత్తె గౌను తొడిగి చూశారు. వీడియో కాల్లో చుట్టాలంతా ఎంత ముద్దుగా ఉందో అన్నారు. అంతే. పిల్ల గుక్కపట్టింది. అన్నం వద్దు, పాలు వద్దు, ఒళ్లు వెచ్చబడింది. మామా డాక్టరుకు ఫోన్ చేయడానికి మేడమీదికి పరుగెత్తింది.

నాకు తెలిసిపోయింది. దిష్టి! కానీ ఇక్కడ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతూ దొరికితే దిష్టి అనరు, సెహర్ అంటారు. అంటే చేతబడి. ముందు పోలీసులు, తర్వాత ఎగ్జిట్, అంటే దేశం నుంచే పంపేయడం. ఇక జన్మలో రీమ్ మొహం చూడలేను. అయినా ఆ ఏడుపు వినలేకపోయాను.

ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పాను. తిప్పినవి మంటలో వేయాలి కదా. ఎదురుగా మంట కనిపించింది. వేసేశాను.

వేశాక గుర్తొచ్చింది... అది గుడ్డ!

నాలుక కరుచుకున్నాను. ఫ్యాను గుయ్‌మంటోంది... గుడ్డలు ఊగుతున్నాయి... అప్పుడు...

చిట్.

చిట్... చిట్... చిటపటా!

నిప్పులో ఉప్పు పేలితే ఎలా ఉంటుందో నాకు తెలియదా? అదే చప్పుడు. కానీ ఘాటు లేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని మా కోనసీమలో అంటారు. మరి గుడ్డ మంటకు ఘాటెక్కడిది? దిష్టి గట్టిదా, మంటే ఉత్తుత్తిదా? ఎలా తేల్చుకోవడం? అంత భయంలోనూ నాకు ఇదే సందేహం.

రీమ్ ఏడుపు ఆపేసింది. ఆకలేస్తోందంది.

అప్పుడు నా వెనక... టక్. మామా కబీర కర్ర!

"ఏష్ హాదా?" ఏమిటిదీ అని.

"కబ్సాలోకి మసాలా, మామా" అన్నాను. అన్నంలోకి మసాలా... హాల్లో... గుడ్డల మీద! ఆవిడ నన్ను చూసింది, మంటను చూసింది. కర్ర టకటకలాడిస్తూ వెళ్లిపోయింది.

బాషాని పిలిచాను. "రెక్కలకి మిరపకాయ తగిలింటాదిలే అక్కా" అంటూ ఫ్యాను మీది జాలీ విప్పాడు. మిరపకాయలు బయటపడ్డాయి. బొగ్గులా మాడిపోయి. గుడ్డ మీద ఒక్క మచ్చ లేదు. బల్బు వేడికేమో అని ముట్టుకున్నాను... చల్లగా ఉంది.

"బండి కడగాలక్కా" అని బాషా మాయమయ్యాడు. రాత్రిపూట!

మర్నాడు రీమ్ చెంగుచెంగున గంతులేసింది. పండగ అయిపోయింది. బాషా దూరం నుంచే వైరు లాగి ప్లగ్గు పీకేశాడు. గుడ్డలు వాలిపోయాయి. అప్పుడు మామా కబీర నన్ను హాల్లోకి పిలిచి తలుపు మూసింది. అయిపోయింది, ఎగ్జిట్టే అనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని గుప్పిట తెరిచింది. ఉప్పు... రెండు ఎండుమిరపకాయలు.

"నాక్కూడా" అంది, మోకాళ్లు చూపిస్తూ.

ఆవిడ చుట్టూ మూడుసార్లు తిప్పాను. కదలని గుడ్డల మీద వేశాను. ఇద్దరం చెవులు రిక్కించి వంగాం...

చిట్.

అదేమిటో నాకిప్పటికీ తెలియదు. ఆవిడ మోకాళ్ల నొప్పీ తగ్గలేదు. కానీ ఆ ఫ్యానుని పారేయనివ్వదు... నన్నూ పోనివ్వదు.