కిటికీ కింది ఓక్ బెంచీ

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డబ్లిన్‌లో మేం కొన్నది నూరేళ్లు దాటిన ఇల్లు. తలుపులు, మెట్లు, అల్మరాలు అన్నీ వడ్రంగులు చేత్తో చేసినవి. నేను కొత్త ఇల్లే కొందామన్నాను. నా భార్య మాత్రం ముందు గదిలో, కిటికీ కింద గోడలో కలిపి కట్టిన ఓక్ బెంచీని చూసి మనసు పారేసుకుంది. దాని మీద ఎవరెవరో వేసిన రంగులు పొరలు పొరలుగా ఉండేవి. బోమాంట్ ఆసుపత్రిలో నర్సు డ్యూటీలు చేస్తూనే, సెలవు దొరికిన రోజల్లా కూర్చుని గీకేది. రెండేళ్లు పట్టింది. అసలు చెక్క బయటపడిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించింది. ఫోన్ చూసుకుంటూనే బాగుందన్నాను.

ఆ ఏడాదే నా ఉద్యోగం పోయింది. మా ఊరి సిద్ధాంతిగారికి వాస్తు కోసం వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించాను. ఈశాన్యంలో అంత బరువేంటి నాయనా, తీయించెయ్ అన్నారు. తను చెల్లెలి పురిటికి రాజమండ్రి వెళ్లింది. ఆ వారమే తీయించేశాను. గట్టి చెక్క. పగలగొట్టడానికి ఇద్దరు మనుషులకు పూటంతా పట్టింది. ఆగండని ఎందుకు అనలేదు? భయమా? లేక, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న నాకంటే ఆ చెక్కే తనకు ముద్దన్న ఉక్రోషమా? రెండోదే ఎక్కువేమో.

తిరిగొచ్చి ఖాళీ మూల చూసింది.

"పుచ్చిపోయింది. లోపలంతా డొల్ల. బిల్డర్ తీసెయ్యాల్సిందే అన్నాడు" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. గోడ తడిమి చూసింది.

"నా వల్లేనండి. పెయింట్ ఊడట్లేదని వేడినీళ్లు పోసి కడిగేదాన్ని కదా, లోపలికి దిగిపోయుంటాయి. వందేళ్లున్నదాన్ని నేను పాడుచేశాను."

అప్పుడైనా చెప్పాల్సింది. పోన్లే, అయిందేదో అయింది అని ఓదార్చాను.

మరో ఆరు నెలల దాకా ఉద్యోగం రాలేదు. సిద్ధాంతిగారు ఈసారి వంటగది మార్చమన్నారు. నన్ను మోసం చేశాడని ఆయన్ని తిట్టుకున్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చింది?

తను గీకుతూ మధ్యలో వదిలేసిన మెట్లకు ఇంకా సగం రంగు అలాగే ఉంది. తను మళ్లీ ఆ ఇంట్లో చెక్క ముట్టుకోలేదు. అడిగితే, నా చెయ్యి మంచిది కాదండి అంటుంది.

మొన్న ఆదివారం, వాటర్‌ఫోర్డ్‌లో పాత ఇల్లు కొన్న కుర్ర జంట భోజనానికి వచ్చారు. "చెక్కకు నీళ్లు మాత్రం తగలనివ్వకమ్మా. నేనలాగే మా బెంచీని చంపుకున్నాను" అని ఆ అమ్మాయికి చెప్పింది తను. నేను దొంగకు తేలు కుట్టినట్టు నోరెత్తకుండా పప్పు వడ్డించాను.

తనకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో. మీకైనా చెబుతున్నాను. ఆ చెక్కకు పుచ్చు లేదు. నీళ్లు దాన్నేమీ చేయలేదు. తన చేతులు ఏ తప్పూ చేయలేదు. పగలగొట్టించింది నేను.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, నాకు మాత్రమే.