కరెంటు ఉంటే రాని ఈల

మా అత్తయ్యకి వెలుగుతున్న లైటు కనిపిస్తే చాలు, చెయ్యి ఊరుకోదు. నేను స్నానం చేస్తుండగానే బాత్రూంలో లైటు ఆరిపోతుంది. "అత్తయ్యా, లోపల నేనున్నాను" అని అరిస్తే, "ఉంటే ఉన్నావులే, సబ్బెక్కడుందో తెలీదా ఏంటి" అంటుంది. టీవీ సీరియల్లో హంతకుడు ముసుగు తియ్యబోతాడు, టీవీ ఆగిపోతుంది. ఇక ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఆయన చొక్కాలు సగం వేడిగా ఇస్త్రీ అవుతాయి, సగం చల్లగా. కోపం రాదా అంటే, వస్తుంది. నా ముక్కు మీదే ఉంటుందది. కాకపోతే ఆవిడ మీద వచ్చిన కోపం ఎంతోసేపు నిలవదు, మధ్యలో నవ్వొచ్చి చెడగొడుతుంది.

ఇదంతా ఉద్యోగం అంటించిన అలవాటు. అత్తయ్య ఒక పెద్ద ఆఫీసు భవనంలో సాయంత్రం డ్యూటీ చేసేది. అందరూ వెళ్ళిపోయాక ఒక్కో అంతస్తూ తిరిగి, లైట్లూ ఫ్యాన్లూ ఆపి, తాళాలు వేసి రావడం ఆవిడ పని. పై అంతస్తులో మొదలుపెట్టి కిందకి దిగేది, ఆవిడ వెనకాలే చీకటీ దిగేది. అందుకే అక్కడ అందరూ ఆవిడకి చీకటమ్మ అని పేరు పెట్టారు. ఎవరైనా పని తెమల్చుకోకుండా కూర్చుంటే, "చీకటమ్మ దిగుతోంది, లేవండి లేవండి" అనుకునేవారట. ఆ భవనంలోనే మామయ్యది పొద్దున డ్యూటీ. తాళాలు తీసి, లైట్లన్నీ వెయ్యడం ఆయన పని. ఆవిడ ఆపినవి ఆయన వేసేవారు, ఆయన వేసినవి ఆవిడ ఆపేది. ఇద్దరూ రిటైరయ్యేదాకా అదే వరస.

సరే, అసలు కథలోకి వస్తాను. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటు పోగానే మామయ్య చేసే పని ఒకటే, చెప్పులేసుకుని వీధిలోకి పోవడం. "మనకేనా, అందరికీనా?" అని నలుగురినీ అడుగుతారు. అందరికీ పోయిందని తేలాక ఆయన మనసు కుదుటపడుతుంది. ఇక కరెంటు వచ్చేదాకా అక్కడే ముచ్చట్లు. మా ఆయన ఫ్యాక్టరీలో ఉన్నారు. ఇంట్లో నేనూ అత్తయ్యే. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ గురక ఆగింది. అప్పుడు వెనక సామాన్ల గదిలోంచి ఈల వినబడింది.

వీధిలో కుర్రాళ్ళు వేసే ఈల కాదది. మెల్లగా మొదలై, పైకి ఎక్కి, అక్కడ కాసేపు వణుకుతూ నిలబడి, జారుడుబల్ల మీంచి పిల్లలు జారినట్టు జర్రున కిందకి వచ్చింది. పిల్లిలా వెళ్ళి చూశాను. అత్తయ్య పాత దుప్పట్లు మడతలు పెడుతూ, పెదాలు సున్నా చుట్టి, కళ్ళు మూసుకుని ఈల వేస్తోంది. కళ్ళు తెరిచి నన్ను చూసిందో లేదో, పెదాలు టక్కున మూతపడ్డాయి.

"మీరేనా?" అన్నాను.

"లేదు, దుప్పటి" అంది. తర్వాత తనే నవ్వేసింది. "చిన్నప్పుడు ఆడపిల్లకి ఈలేంటని మా నాన్న మూతి మీద ఒక్కటిచ్చాడు. మళ్ళీ ఎక్కడా వెయ్యలేదు. ఆఫీసులో మాత్రం, అన్నీ ఆపేశాక, పెద్ద హాల్లో వేసుకునేదాన్ని. అక్కడ ఎవరుంటారు, కుర్చీలు తప్ప."

నేను ఊరుకునే రకమా? ఆ తర్వాత కరెంటు పోయినప్పుడల్లా ఫోను పట్టుకుని సామాన్ల గది తలుపు వెనక నక్కాను. రికార్డు చేసిన ఈలని, ఇంటర్నెట్లో జరిగే ఒక ఈలల పోటీకి పంపాను. ఇలాంటి పోటీ కూడా ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది. ఫైనల్‌కి ఎంపికైంది. ఫైనల్లో వీడియో కాల్ పెట్టి, అప్పటికప్పుడు, జడ్జీలూ చూసేవాళ్ళూ అందరూ వింటుండగా వెయ్యాలి.

ఆ మాట చెప్పగానే అత్తయ్య మొహం మాడిపోయింది. "ఎవర్నడిగి పంపావ్?" అని, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం చాలా మాట్లాడాయి. అన్నం తినేటప్పుడు, కంచంలోకి చూస్తూ మెల్లగా, "ఇంతకీ ఏమన్నారు వాళ్ళు?" అంది.

"ఎంత బాగుందో అన్నారు. ఈవిడ ఇన్నాళ్ళూ ఎక్కడుంది అన్నారు."

అత్తయ్య కలిపిన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేసింది. "నాక్కూడా ఒక్కసారి మనుషుల ముందు వెయ్యాలనుందే. కుర్చీలకి వేసి వేసి విసుగెత్తింది. ఒక్కళ్ళయినా ఎదురుగా బాగుందంటే, ఇక చాలు నాకు."

ఆ మాటతో నా గుండె కరిగి నీరైంది. ఎలాగైనా ఈ ఈల మనుషుల చెవుల్లో పడాల్సిందే అనుకున్నాను.

కానీ ఎక్కడ వేయిస్తాం? ఇంటర్నెట్టు వచ్చేది ముందు గదిలో, రూటర్ ఉన్న చోట. ఆ గదికి ఎదురుగా ఇనప రేకులు కోసే షెడ్డు. రేకుల రంపం ముందు ఈల ఏం వినబడుతుంది? ఏ చప్పుడూ లేని చోటు వెనక సామాన్ల గదే. అక్కడికి వైఫై రాదు, ఫోను సిగ్నలూ రాదు. మధ్యలో గోడలు అంత మందం. కంప్యూటర్ల షాపతన్ని అడిగితే, అరచేతిలో పట్టే రెండు తెల్ల డబ్బాలు ముందు పెట్టాడు.

"ఒకటి రూటర్ పక్కన ప్లగ్గులో పెట్టి, వైరుతో రూటర్‌కి కలపండి. రెండోది వెనక గది ప్లగ్గులో పెట్టండి. మీ ఇంటి కరెంటు వైరే ఇంటర్నెట్టుని మోసుకెళ్ళి అక్కడ వైఫై ఇస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులో మాత్రం పెట్టకండి, నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి."

అత్తయ్య ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పింది. "అంటే కరెంటు వైర్లో మాటలు పోతాయా? అయితే షాకు కొట్టినప్పుడు ఎవరివైనా కబుర్లు వినబడతాయా?"

షాపతను గబగబా బిల్లు రాసిచ్చేశాడు.

ఇంటికొచ్చి రెండూ బిగించాం. వెనక గదిలో డబ్బా మీద పచ్చ లైట్లు వెలిగాయి. ఫోనులో వీడియో గడగడా నడిచింది. నేను ఆనందం పట్టలేక అత్తయ్యని పట్టుకుని సూట్‌కేసుల మధ్య గిర్రున తిప్పాను. అరగంటకి నెట్టు చచ్చిపోయింది. వెళ్ళి చూస్తే ఇంకేముంది, ముందు గదిలో డబ్బా స్విచ్చు ఆపేసి ఉంది.

డబ్బా పక్కన "తీయొద్దు" అని కాగితం అంటించాను. మర్నాడు మళ్ళీ నెట్టు లేదు. అడిగితే, "నేను తియ్యలేదే, ఆపానంతే" అంది. "ఆపొద్దు" అని ఇంకో కాగితం అంటించాను. ఈసారి స్విచ్చు వేసే ఉంది, డబ్బా ఊడి బల్ల మీద ఉంది. "ఆపలేదుగా, తీశాను" అంది. నాకు ఒళ్ళు మండి, "ముట్టుకోవద్దు" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆ సాయంత్రం ఆవిడ గొడుగు కొనతో స్విచ్చు నొక్కుతూ నాకు దొరికిపోయింది. ఇద్దరం గోడకి జారబడి, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

"కావాలని కాదే" అంది కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యి నా మాట వినదు."

దానికి తోడు మామయ్య గడ్డం మిషను ఒకటి. అది ప్లగ్గులో పెట్టి ఆన్ చేశారంటే వెనక గదిలో నెట్టు నత్తినత్తిగా వచ్చేది. కరెంటు వైర్లో ఆ మిషను రొద కూడా కలుస్తుందని షాపతను చెప్పాడు. ఫైనల్ రోజు గడ్డం గియ్యకూడదని మామయ్యకి ఆర్డరు వేశాను. "నా గడ్డానికీ దాని ఈలకీ సంబంధం ఏంటమ్మా?" అని ఆయన తల పట్టుకున్నారు.

ఇవన్నీ సర్దుకున్నాయి. ఫైనల్‌కి ముందు రోజు అంతా సిద్ధం చేసి, "ఏదీ, ఒకసారి వెయ్యండి" అన్నాను. అత్తయ్య పెదాలు చుట్టింది. ఉఫ్ మని గాలి వచ్చింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ గాలే. నీళ్ళు తాగింది, కూర్చుంది, నిలబడింది. గాలి, గాలి, గాలి. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఏమైంది అత్తయ్యా?"

"తెలీదే. ఎక్కడో ఏదో వెలుగుతున్నట్టుంటుంది. ఇంకా పని మిగిలిపోయినట్టుంటుంది. అన్నీ ఆపితే గానీ నాకు ఊపిరి కిందకి దిగదు."

అప్పుడు వెలిగింది నాకు. ఈవిడ ఈల వేసింది ఎప్పుడు? ఆఫీసులో అన్నీ ఆపాక. ఇంట్లో కరెంటు పోయాక. లైటు వేసి ఉంటే ఈల వెయ్యలేదు. ఈల వెయ్యాలంటే కరెంటు ఉండకూడదు, నెట్టు రావాలంటే కరెంటు ఉండి తీరాలి. నేను ఆ సూట్‌కేసు మీదే కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"వద్దులేవే" అంది అత్తయ్య, నా తల మీద చెయ్యి వేసి. "కుర్చీలు నాకు అలవాటేగా."

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. చెప్పులేసుకుని, వీధి చివర ఎలక్ట్రీషియన్ కొట్టుకి పరిగెత్తాను.

"నిండా స్విచ్చులున్న పాత బోర్డు ఒకటి కావాలన్నా."

"దేనికి కనెక్షన్ ఇవ్వాలమ్మా?"

"దేనికీ వద్దు."

"మరి స్విచ్చులెందుకు?"

"ఆపడానికి."

అతను స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "కనెక్షన్ లేకపోతే అది ఎప్పుడూ ఆగే ఉంటుంది కదమ్మా."

"అది మీకూ నాకూ తెలుసన్నా. చేతికి తెలీదు."

ఇంకేమీ అడగకుండా అటక మీంచి ఒక బోర్డు తీసి, దుమ్ము ఊది ఇచ్చాడు. పాతకాలపు నల్ల స్విచ్చులు, నొక్కితే టక్కుమని గట్టిగా మోగేవి.

మర్నాడు మధ్యాహ్నం. రూటర్ దగ్గర మామయ్యని కాపలా పెట్టాను. ఎవరూ స్విచ్చు ముట్టుకోకుండా చూడాలి, అవసరమైతే ఆయన్నుంచి కూడా ఆయనే కాపాడాలి. పొద్దున నేను చూడకుండా గడ్డం మొదలుపెట్టి, నేను కేకేసేసరికి సగంలో ఆపేశారు. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ గరుగ్గా కూర్చున్నారు. వెనక గదిలో సూట్‌కేసుల మీద ఫోను నిలబెట్టాను. అందులో ముగ్గురు జడ్జీలు, వాళ్ళ కింద తపాలా బిళ్ళలంత చిన్న చిన్న మొహాలు బోలెడు. అత్తయ్య పేరు పిలిచారు.

అత్తయ్య బోర్డుని ఒళ్ళో పెట్టుకుంది. పై వరస నుంచి ఒక్కో స్విచ్చూ ఆపుకుంటూ వచ్చింది. టక్. టక్. టక్. ఒక్కో టక్కుకీ ఆవిడ భుజాలు కాస్త కిందకి దిగాయి. ఆఖరి స్విచ్చు ఆపి, ఊపిరి పీల్చి, పెదాలు చుట్టి ఆగిపోయింది. చూపు గోడ మీదకి వెళ్ళింది. డబ్బా మీద పచ్చ లైట్లు మినుకుమినుకు మంటున్నాయి. ఒకటి ఇంకా వెలుగుతూనే ఉంది. అత్తయ్య చెయ్యి లేచింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అరుద్దామంటే అందరికీ వినబడుతుంది. ఒక్క గెంతు గెంతి, ఆ డబ్బాకి వీపు ఆనించి గోడకి బల్లిలా అతుక్కుపోయాను. లైట్లు కనబడలేదు. ఆవిడ చెయ్యి గాల్లో కాసేపు ఆగి, మెల్లగా ఒళ్ళోకి దిగింది. వీపు వెచ్చగా కాలుతుంటే నేను కదలకుండా నిలబడ్డాను.

అప్పుడు వచ్చింది ఈల. ఎక్కింది, నిలబడింది, జారింది, మళ్ళీ ఎక్కింది. ఫోనులో తపాలా బిళ్ళలన్నీ కదలడం మానేశాయి. నెట్టు పోయిందేమో అని ఒక్క క్షణం హడలిపోయాను. పోలేదు, వాళ్ళే కదలడం లేదు. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే కదలడానికి లేదు.

అయిపోయాక ఒక జడ్జీ గొంతు సవరించుకున్నాడు. "చాలా బాగుందమ్మా. మొదట్లో టక్ టక్ మని తాళం వేశారు చూడండి, అది ఏం వాయిద్యం?"

"స్విచ్చులండి" అంది అత్తయ్య.

తపాలా బిళ్ళలన్నీ నవ్వుతూ చప్పట్లు కొట్టాయి. మొదటి బహుమతి ఎవరికో వెళ్ళింది. ఎవరికో మాకు గుర్తు కూడా లేదు. అత్తయ్య మాత్రం "బాగుందన్నాడే, ఎదురుగా అన్నాడే" అంటూ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తోంది, నేను గెంతుతున్నాను.

తిరిగి చూస్తే గుమ్మంలో మామయ్య. కాపలా వదిలేసి ఎప్పుడొచ్చారో తెలీదు. సగం గడ్డం, చేతిలో మిషను.

"రోజూ పొద్దున్నే వెళ్ళి తాళం తీసేవాణ్ణి" అన్నారు. "హాలంతా ఖాళీగా ఉండేది. రాత్రి అక్కడ ఇది జరిగి ఉంటుందని నాకేం తెలుసు. ఇంట్లో కరెంటు పోతే వీధిలోకి పోయేవాణ్ణి."

"బాగుందా?" అని అడిగింది అత్తయ్య. జడ్జీల ముందు వణకని గొంతు అప్పుడు కాస్త వణికింది.

మామయ్య మిషను పక్కన పెట్టారు. వచ్చి ఆవిడ పక్కన కింద కూర్చున్నారు. ఒళ్ళో బోర్డు తీసుకుని, కింది వరస నుంచి మొదలుపెట్టి, ఒక్కో స్విచ్చూ వేసుకుంటూ పైకి వెళ్ళారు. టక్. టక్. టక్. అన్నీ వేశాక బోర్డుని మళ్ళీ ఆవిడ ఒళ్ళో పెట్టారు.

"ఇదిగో, అన్నీ వేశాను. ఇక నువ్వు ఆపుకో" అన్నారు. "ఈసారి నేను ఎక్కడికీ పోను."

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుని, పై వరసలో మొదటి స్విచ్చు మీద వేలు పెట్టింది.