ముప్పై మీటర్ల లోతులో నేను వదిలేసిన ఆరు

పోయిన వారం అండమాన్‌లో మొదటిసారి ముప్పై మీటర్ల లోతుకి స్కూబా డైవ్ చేశాను. అంత లోతులో మనం పీల్చే గాలిలోని నైట్రోజనే మత్తెక్కిస్తుందట. అది పరీక్షించడానికి మా ట్రైనర్ అడుగున ఒక పలక చూపించాడు. దాని మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెల్ని ఒకటి నుంచి పది దాకా వరసగా తాకాలి. చకచకా తాకేశాను. నాకేం మత్తెక్కలేదని పైకొచ్చి గొప్పలు కూడా పోయాను.

నీళ్లలో ట్రైనర్ తీసిన ఆ పరీక్ష వీడియో ఈరోజు వచ్చింది. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని, పక్క సీటు యాదగిరికి గర్వంగా చూపించాను.

"అన్నా, జర ఆపు. ఆరు ఏది? అయిదు నుంచి సీదా ఏడు మీదికి పోయినవ్."

మళ్లీ చూస్తే నిజమే. పైగా కెమెరాకి రెండు చేతులతో ఓకే చూపిస్తున్నాను.

"మత్తెక్కినట్టు అస్సలు తెలీలేదయ్యా!"

"మత్తంటే గదే కదన్నా."

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సాయంత్రం "అన్నీ పరీక్షించాను" అని మెయిల్ పంపబోతూ, ఎందుకో అనుమానమొచ్చి జాబితా మీద వేలు పెట్టి ఒక్కొక్కటే మళ్లీ చూసుకున్నాను. ఒకటి వదిలేశాను.

సముద్రంలో అయితే తప్పు నైట్రోజన్ మీదికి తోసేశాను. పదకొండో అంతస్తులో, ఏసీ గాలిలో, దేని మీదికి తోయాలో మీరే చెప్పండి.