చల్లారేదాకా బరువు

సూరత్‌లో మా కాలేజీ ప్రయోగశాలలో నేను రెండు సెమిస్టర్లపాటు చేసిన పని చెబితే నవ్వుతారు: రెండు ప్లాస్టిక్ బిళ్లలను అతికించడం. కింది బిళ్లలో వెంట్రుకంత సన్నని కాలువలుంటాయి. పై బిళ్ల వాటికి మూత. ఆ కాలువల్లో ఒక్క రక్తపు చుక్క పారితే చాలు, పరీక్ష అయిపోతుంది. దాన్నే చిప్ అంటారు. చెప్పుకోవడానికి ఎంత గొప్పగా ఉంటుందో, చేయబోతే అంత ఏడిపిస్తుంది.

జిగురు పూస్తే కాలువల్లోకి దిగి పూడ్చేసేది. కరిగించే సాల్వెంట్ రాస్తే ప్లాస్టిక్ తెల్లబడి బీటలు వారేది. వేడిచేసి నొక్కితే అతుక్కున్నట్టే ఉండి, ప్రెస్సు తెరవగానే ఓ మూల పైకి లేచేది. ఎర్రసిరా పోసి చూస్తే ఆ మూలనుంచి కారి నా వేళ్లకు అంటుకునేది. ఈ నెలాఖరులోగా కాకపోతే ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తానని మా గైడు తేల్చిచెప్పారు.

బమ్రోలిలో మా ఇంట్లో ఆ పాడైన చిప్ ముందేసుకుని కూర్చుంటే, మా నాన్న బాపు దాన్ని చేతిలోకి తీసుకుని ఎలా అతికిస్తున్నానో చెప్పించుకున్నాడు. బాపు చీరల మీద బంగారు ఫాయిల్ అతికించే కారిగర్. ఫాయిల్ ఉన్న కాగితాన్ని బట్టమీద పరిచి, వేడి ప్రెస్సు కింద నొక్కి, కాగితం లాగేస్తే పువ్వు చీరమీద మిగులుతుంది. మా ఊరినుంచి సూరత్ వచ్చినప్పటినుంచీ, ఇరవై ఏళ్లుగా అదే పని.

"ప్రెస్సు వేడిమీదనే లేపుతున్నవా?" అన్నాడు.

"అవును బాపూ."

"గట్ల లేపితే లేస్తది బిడ్డా. వేడి బందు జెయ్యి గానీ బరువు తియ్యకు. చల్లగయ్యేదాక గట్లనే ఉండనియ్యి. జర సబర్ పట్టు."

మర్నాడు అలాగే చేశాను. సిరా ఈ కొసనుంచి ఆ కొసకి బుద్ధిగా నడిచింది. ఎలా తట్టిందని గైడు అడిగారు. చీరలకు ఫాయిల్ అతికించే మనిషి మాట ఆ గదిలో ఎత్తడానికి నాకు సిగ్గేసింది. "ఒక రీసెర్చ్ పేపర్లో చదివాను సర్" అన్నాను. ఏ పేపరని కూడా ఆయన అడగలేదు.

ప్రాజెక్టుల ప్రదర్శనకు ఇంట్లోవాళ్లను పిలిచారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గైడు చిప్ చూపిస్తూ హిందీలో చెప్పారు: "అసలు కిటుకంతా చల్లార్చడంలో ఉంది అంకుల్. మీ అమ్మాయి పేపర్లో చదివి పట్టుకుంది. ఇవన్నీ మీకు అర్థం కావులెండి."

బాపు నావైపు ఒక్కసారి చూశాడు. "అచ్ఛా సాబ్" అన్నాడు. నేను బల్లమీద పడ్డ సిరా తుడవసాగాను. గైడును తిట్టుకుంటే ఇప్పటికీ నాకు హాయిగానే ఉంటుంది. కానీ ఆయన నోట పలికింది నేనిచ్చిన అబద్ధమే.

ఇంటికి వెళ్లే బస్సులో బాపు అడిగాడు: "గా పేపర్ల రాసినాయన గూడ ఫాయిల్ పని జేసెటోడేనా బిడ్డా?"

"తెల్వది బాపూ" అన్నాను. అది రెండో అబద్ధం.