అంతస్తుకో అరుగు

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్నే కాకినాడ నుంచి ఫోనొచ్చింది. రిసీవరు పెట్టేసి, అమ్మ గదిలోకెళ్లి తలుపేసుకుంది. మేముండే ఈ అపార్ట్‌మెంటు గీసింది అత్తే. అమ్మ ఇలా ఒంటరిగా తలుపేసుకుని కూర్చోకూడదనే గీసింది. అందుకే ఈ నాలుగు ముక్కలూ మీతో చెప్పుకోవాలనిపించింది.

అత్త ఇంజినీరు. తొంభైల్లో అమలాపురంలో అపార్ట్‌మెంట్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. నాన్న కూడా మా పెంకుటిల్లు తీయించేసి మూడంతస్తులు కట్టిద్దామనుకున్నారు. అమ్మ ఎదురు చెప్పలేదు గానీ అన్నం సరిగ్గా తినడం మానేసింది. మధ్యాహ్నాలు అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కబుర్లాడుతూ, కొబ్బరాకుల నుంచి చీపురు పుల్లలు తీసుకోవడం ఆవిడకి ప్రాణం.

"నన్ను పెట్టెలో పెట్టి మూతేసినట్టుంటుందండి వదినగారూ" అని అత్తతో ఒక్కసారే అంది.

అత్త వెంటనే కాగితం ముట్టుకోలేదు. పెంకుటిల్లు తీయించేసి మేం అద్దింటికి మారాక, ఆ ఖాళీ స్థలంలో మూలమూలకీ సరుగుడు కర్రలు పాతించి, వాటికి పాత చీరలు కట్టించింది. నీడ ఎటు జరిగితే అటు కుర్చీ జరుపుకుంటూ, సాయంత్రం దాకా ఆ చీరలు చూస్తూ కూర్చుంది.

ఎదురింటి పిన్నిగారు ఊరుకుంటారా? "ఏంటండీ, బట్టలారేసుకోడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

"ఆయ్! గాలి ఎటునుంచొస్తందో కనుక్కుంటన్నానండి. ఇంతకీ మీరు ఒడియాలెక్కడ పెడతారండీ? పిల్లల్ని ఎక్కణ్ణుంచి కేకేస్తారు?"

వచ్చిన ఆడవాళ్లందర్నీ ఇలాగే అడిగేది. ఆవిడ ప్రశ్నల్నుంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్లాను వచ్చింది. ప్రతి అంతస్తులోనూ కాలువ వైపు, గాలొచ్చే చోట, అన్ని గుమ్మాలూ కనబడేలా పొడుగాటి అరుగు. నాన్న అదిరిపడ్డారు.

"అక్కా, ఈ చోట్లో అంతస్తుకో ఫ్లాటొస్తుంది. అరుక్కి అద్దెవడిస్తాడు?"

"అద్దె రాదురా, మనుషులొస్తారు. అరుగు తీసేస్తే నేను సంతకం పెట్టను. ఇంకో ఇంజినీర్ని చూసుకో."

నాన్న మొండి, అత్త జగమొండి. కొన్నాళ్లు మాటల్లేవు. చివరికి అద్దింటి వంటగదిలో అమ్మ కళ్లు తుడుచుకోవడం చూసి నాన్నే తగ్గారు. నాన్న చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

తుపానుకి కరెంటు పోయినప్పుడల్లా అందరి వంటలూ ఆ అరుగు మీదికే వచ్చేవి. అత్త ఎప్పుడొచ్చినా మా ఇంట్లోకి రాకముందే అక్కడ కూర్చుని, చుట్టూ విడిచిన చెప్పులు చూసి మురిసిపోయేది. "ఇల్లు బాగుందా అని అడక్కూడదే. సాయంత్రం పూట ఎక్కడ కూర్చుంటన్నారని అడగాలి" అనేది నాతో.

మొన్న నేనెంత పిలిచినా అమ్మ తలుపు తియ్యలేదు. సాయంత్రం పై అంతస్తు పిన్నిగారు వచ్చి తలుపు తట్టారు. "ఒక్కరూ లోపల ఏడవకండి అక్కగారూ. అరుగు మీదకి రండి. ఆవిడ మాక్కూడా కావాల్సినావిడే కదండీ" అన్నారు.

తలుపు తెరుచుకుంది. అమ్మ అందరి మధ్యా కూర్చుని భోరుమని ఏడ్చింది. ఎవరో మంచినీళ్లిచ్చారు. ఎవరో కొబ్బరాకు తెచ్చి పక్కన పెట్టారు. కాసేపటికి అమ్మ చెయ్యి దానంతటదే ఒక పుల్ల తియ్యడం మొదలెట్టింది. కాలువ మీంచి గాలొచ్చి ఆవిడ చీరచెంగు ఎగిరింది. అప్పుడు అత్త కర్రకి కట్టించిన పాత చీర ఎటు ఎగిరిందో, అటే.